గుండె తలుపుకు రెండవ మరమ్మతు: యంత్రహస్తమా? మానవహస్తమా?

మన కళాశాల వార్షిక సంచికను కుడివైపు నుండి తెరిస్తే ఉర్దూ, ఎడమవైపు నుండి తెరిస్తే తెలుగు. రెండు భాషల పుటలు మధ్యలో ఒకచోట కలుసుకొంటాయి. కుడి, ఎడమ భాగాలు రెండూ ఉన్న మరొక పుస్తకం మనందరి రొమ్ములలోను ఉన్నది. ఉర్దూ విభాగపు మిత్రులు దానిని ‘దిల్’ అని వేయి గజళ్ళలో పాడుకొన్నారు. తెలుగువారు గుండెనిబ్బరమని, గుండెకోత అని, గుండెలు తీసిన బంటు అని మాటమాటకు దానిని తలచుకొంటూనే ఉన్నారు. కాని ఆ గుండె ఏ విధంగా పని చేస్తున్నదో, అది చెడితే ఎవరు, ఏ చేతులతో దానిని బాగుచేయగలరో ఆలోచించేవారు మనలో తక్కువ. ఆ ఆలోచన నాకు పాఠ్యపుస్తకాల వలన కలగలేదు. మా ఆపా వలన కలిగింది.

మా ఆపాకు ఇప్పుడు 31 సంవత్సరాలు. ఆమె గుండెకు రెండుసార్లు శస్త్రచికిత్స జరిగింది. మొదటిసారి జరిగినప్పుడు నేను 8 ఏళ్ళ బాలుణ్ణి. ఆస్పత్రి వరండాలో అబ్బా ఒడిలో నిద్రపోవడం తప్ప మరేమీ జ్ఞాపకం లేదు. రెండవది గత సంవత్సరం జరిగింది. అప్పటికి నేను ఈ కళాశాలలో జంతుశాస్త్ర విద్యార్థిని. రెండవ శస్త్రచికిత్సకు ముందు ఒక పెద్ద ఆస్పత్రివారు “రోబో ద్వారా చేస్తాము, ఎముక కోయనక్కర లేదు” అన్నారు. ఆ ఒక్క మాట మూడు వారాలపాటు మా ఇంట్లో పొయ్యి మీద అన్నం ఉడుకుతున్నా, మాడుతున్నా ఎవరికీ పట్టకుండా చేసింది. ఆ మూడు వారాలలో నేను చదివినది, విన్నది, ప్రశ్నించినది ఈ వ్యాసానికి ఆధారం.

నా అభిప్రాయాన్ని ముందుగానే మనవి చేస్తాను. యంత్రహస్తం భయపడదగినది కాదు, పూజింపదగినదీ కాదు. రెండవసారి గుండె కవాటాన్ని బాగుచేయవలసి వచ్చినప్పుడు దానివలన కొందరికి నిజమైన మేలు ఉన్నది. ఐతే ఆ మేలు యంత్రంలో లేదు. దానిని నడిపే చేతి అభ్యాసంలోను, ఫలితాలను దాచక లెక్కించి చెప్పే నిజాయితీలోను ఉన్నది. అంతకంటె ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. ఆ యంత్రం అవసరమే రాకుండా చేయగల సాధనం ఒక సూదిమందు రూపంలో 70 ఏళ్ళకు పైగా మన చేతిలోనే ఉన్నది. దానిని మనం సరిగా వాడుకోవడం లేదు.

విషయంలోకి వద్దాం. గుండె నిమిషానికి 72 సార్ల చొప్పున కొట్టుకొంటే దినానికి లక్షకు పైగా కొట్టుకొంటుంది. అన్నిసార్లూ దానిలోని 4 కవాటాలు తెరుచుకొని మూసుకొంటాయి. ఇవి ఒకవైపుకే తెరుచుకొనే తలుపులు. రక్తాన్ని ముందుకు పోనిస్తాయి, వెనుకకు రానివ్వవు. కుడి భాగానికి చేరిన చెడు రక్తం ఊపిరితిత్తులకు పోయి, శుద్ధిపడి, ఎడమ భాగానికి వస్తుంది. ఈ మార్గాన్ని 13వ శతాబ్దంలో కైరో నగరపు వైద్యుడు ఇబ్న్ అల్ నఫీస్ వివరించాడు. గుండె నడిమి గోడలో కంటికి కనపడని రంధ్రాల గుండా రక్తం కుడి నుండి ఎడమకు పోతున్నదని అంతకు పూర్వం వెయ్యి ఏళ్ళుగా నమ్ముతూ వచ్చిన మాటను ఆయన కాదన్నాడు. ఎడమ కర్ణికకు, ఎడమ జఠరికకు నడుమ ఉన్న తలుపు ద్విపత్ర కవాటం. మన దేశంలో ఎక్కువగా చెడేది ఇదే.

అది చెడడానికి కారణం విచిత్రమైనది. బాల్యంలో స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి వలన గొంతునొప్పి వస్తుంది. దానికి సరియైన చికిత్స జరగకపోతే, కొందరు పిల్లలలో రెండు మూడు వారాల తరువాత కీళ్ళు వాచి జ్వరం వస్తుంది. సూక్ష్మజీవిని ఎదుర్కొనడానికి పుట్టిన శరీరరక్షక దళమే దారి తప్పి స్వంత గుండె కవాటాల మీద పడుతుంది. దీనినే రుమాటిక్ జ్వరమంటారు. కీళ్ళ వాపు తగ్గిపోతుంది, గుండె మీద మచ్చ మాత్రం మిగిలిపోతుంది. వ్యాధి కీళ్ళను నాకి గుండెను కరుస్తుందని వైద్యులు చెప్పే మాట ఇందువలన పుట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఈ రుమాటిక్ హృద్రోగంతో బాధపడేవారు సుమారు 5 కోట్ల 50 లక్షల మంది. సంవత్సరానికి 3 లక్షల 60 వేల మంది దీనివలన మరణిస్తున్నారు. ఇరుకు ఇళ్ళలో, ఒకే గదిలో ఆరుగురు ఏడుగురు పడుకొనే కుటుంబాలలో ఈ వ్యాధి ఎక్కువ. అందుచేత దీనిని పేదరికపు వ్యాధి అనడం అతిశయోక్తి కాదు.

మా ఆపాకు 12వ ఏట మోకాళ్ళు వాచాయి. ఎదిగే పిల్లకు ఇవి మామూలేనని ఇరుగుపొరుగువారు అన్నారు. అమ్మీ వేడినూనె రాసింది. తరువాత ఒక వైద్యుడు గుర్తించి, 3 వారాలకొకసారి పెన్సిలిన్ సూదిమందు వేయించాలని చెప్పాడు. ఒక సంవత్సరం వేయించారు. ఆ సూది చాల బాధ పెడుతుంది. పైగా ఒకసారి మందు దొరకలేదు, ఇంకొకసారి సూది వేసేవారు లేరు. పిల్ల బాగానే ఉన్నది కదా అని మానివేశారు. 19వ ఏట మేడమెట్లు ఎక్కలేక ఆయాసంతో కూర్చుండిపోయింది. ఆరోగ్యశ్రీ పథకం క్రింద ఆమెకు మొదటి శస్త్రచికిత్స జరిగింది. రొమ్ము ఎముకను నిలువునా కోసి, గుండెను నిలిపి, ఆ పనిని యంత్రానికి అప్పగించి, చెడిన కవాటాన్ని తీసి కొత్తది అమర్చారు.

ఇంతటి పని సాధ్యం కావడం వెనుక ఎందరి సాహసమో ఉన్నది. 1925లో లండన్‌లో హెన్రీ సౌటార్ అనే శస్త్రవైద్యుడు కొట్టుకొంటున్న గుండెలోకి తన వేలిని పంపి కవాటాన్ని తడిమి సడలించాడు. 1953లో ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ గుండె, ఊపిరితిత్తుల పనిని కొంతసేపు యంత్రానికి అప్పగించి గుండెలోని రంధ్రాన్ని మూయగలిగాడు. 1960లో ఆల్బర్ట్ స్టార్ అనే వైద్యుడు, లోవెల్ ఎడ్వర్డ్స్ అనే ఇంజనీరు కలిసి పంజరంలో బంతి వంటి కృత్రిమ కవాటాన్ని రోగికి అమర్చి విజయం సాధించారు. మన దేశంలో తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో డాక్టర్ వలియత్తాన్ బృందం ఏళ్ళ తరబడి కృషి చేసి స్వదేశీ కవాటాన్ని నిర్మించింది. 1990 డిసెంబరులో దానిని మొదటిసారి రోగికి అమర్చారు. దిగుమతి కవాటం కొనలేని పేదలకు అది ప్రాణదానమయింది.

ఇక రెండవసారి ఎందుకు? కృత్రిమ కవాటాలు రెండు రకాలు. లోహంతోను, గట్టి కర్బనంతోను చేసినవి చాల కాలం మన్నుతాయి. కాని వాటి మీద రక్తం గడ్డకట్టకుండ జీవితాంతం మాత్రలు మింగాలి. ఆ మాత్రలు గర్భస్థ శిశువుకు హాని చేయగలవు. జంతువుల కణజాలంతో చేసినవాటికి ఆ బాధ తక్కువ. ఐతే అవి పది, పదిహేనేళ్ళలో గట్టిపడి చెడిపోతాయి, చిన్న వయస్సువారిలో ఇంకా త్వరగా చెడిపోతాయి. 19 ఏళ్ళ పిల్లకు పెళ్ళి, పిల్లలు కావాలి కనుక మావాళ్ళు వైద్యుని సలహాపై రెండవ రకాన్నే కోరుకొన్నారు. మా ఇంట్లో ఇప్పుడు ఆడుకొంటున్న ఇద్దరు పిల్లలు ఆ నిర్ణయపు ఫలమే. 11 ఏళ్ళ తరువాత ఆ కవాటం చెడిపోవడం కూడ ఆ నిర్ణయపు ఫలమే. అది తెలిసి చేసిన బేరం. అందులో ఎవరి తప్పూ లేదు. ఇది గాక కవాటం మీద రక్తపు గడ్డ ఏర్పడడం, సూక్ష్మజీవులు చేరడం, కుట్ల పక్కనుండి కారడం, మొదట బాగున్న మరొక కవాటం తరువాత చెడడం మొదలైన కారణాల చేత కూడ రెండవ శస్త్రచికిత్స అవసరమవుతుంది.

రెండవ శస్త్రచికిత్స మొదటిదాని వంటిది కాదు. మొదటిసారి రొమ్ము ఎముక వెనుక గుండె తన సంచిలో విడిగా ఉంటుంది. గాయం మానే క్రమంలో అక్కడ మచ్చకట్టిన పొరలు పుట్టి గుండెను, పెద్ద రక్తనాళాలను ఎముక వెనుకకు అతికిస్తాయి. గోడకు అతికించిన కాగితాన్ని చిరగకుండ ఊడదీయడం ఎంత కష్టమో ఊహించండి. పైగా ఇక్కడ గోడను రంపంతో కోయాలి. కాగితం స్థానంలో కుడి జఠరిక ఉంటుంది. రంపం ఒక్క వెంట్రుక లోతుకు దిగినా రక్తం ఉప్పొంగుతుంది. ఈ కారణంగానే రెండవసారి అనగానే శస్త్రవైద్యులు ముందుగా సి.టి. చిత్రం తీయించి, ఎముకకు గుండెకు నడుమ ఎంత దూరమున్నదో కొలుచుకొంటారు.

ఈ ప్రమాదాన్ని తప్పించుకొనే ఉపాయమే పక్కదారి. ద్విపత్ర కవాటానికి వాకిలి వంటి ఎడమ కర్ణికను కుడి పక్కటెముకల సందు నుండి చేరుకోవచ్చును. మొదటి శస్త్రచికిత్స నడుమ నుండి జరిగింది కనుక, కుడి పక్కన అతుకులు సామాన్యంగా తక్కువగా ఉంటాయి. తొడ మొదట ఉన్న ధమని, సిర ద్వారా గొట్టాలు పంపి రోగిని గుండె-ఊపిరితిత్తుల యంత్రానికి కలుపుతారు. అతుకులను ఊడదీయవలసిన పని చాలవరకు తప్పుతుంది. కొందరిలో మహాధమనిని బిగించకుండానే, శరీరాన్ని చల్లబరచి పని పూర్తి చేస్తారు.

ఈ పక్కదారిలో నడిచేవాటిలో ఒకటి రోబో. ‘రోబో’ అన్న మాట చరిత్ర తెలుసుకోదగినది. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రచురించిన నాటకం ద్వారా అది లోకానికి వచ్చింది. ఆ భాషలో ‘రొబొత’ అంటే భూస్వామికి రైతు చేసే నిర్బంధ చాకిరి. తెలంగాణ పల్లెలలో మన తాతలు దానిని ‘వెట్టి’ అన్నారు. ఆ అర్థాన్ని మరచిపోకుంటే సగం భ్రమ తొలగిపోతుంది. శస్త్రచికిత్సా రోబో తనకు తానుగా ఏమీ చేయదు, ఏమీ నిర్ణయించదు. వైద్యుడు కొద్ది అడుగుల దూరంలో ఒక పీఠం వద్ద కూర్చొని, రెండు కళ్ళతో లోతు తెలిసే విధంగా పెద్దదై కనపడే చిత్రాన్ని చూస్తూ, వ్రేళ్ళతో పిడులను కదిలిస్తాడు. రోగి రొమ్ములోని చిన్న రంధ్రాల గుండా దిగిన సన్నని పనిముట్లు ఆ కదలికలను అనుసరిస్తాయి. వాటికి మనిషి మణికట్టు వలె తిరిగే కీళ్ళున్నాయి. చేతి వణుకును యంత్రం వడపోసివేస్తుంది. అంతే. వెట్టి చేసేది యంత్రం; బుద్ధి, బాధ్యత వైద్యునివి.

1998లో పారిస్‌లో అలెన్ కార్పెంతియే ఇటువంటి యంత్రపు తొలి నమూనాతో ద్విపత్ర కవాటాన్ని బాగుచేశాడు. 2000లో అమెరికాలో నార్త్ కరోలినాకు చెందిన రాండాల్ఫ్ చిట్‌వుడ్ ఆ మార్గాన్ని అనుసరించాడు. 2002లో అమెరికా ప్రభుత్వ సంస్థ ‘డావిన్సీ’ యంత్రాన్ని ఈ పనికి అనుమతించింది. మన దేశంలో కూడ ఢిల్లీలో గుండె శస్త్రచికిత్సకు దీనిని 2000 దశకపు ఆరంభంలోనే తెచ్చారు. ఇటీవల గురుగ్రామ్‌లో డాక్టర్ సుధీర్ శ్రీవాస్తవ నాయకత్వంలో ‘మంత్ర’ అనే స్వదేశీ యంత్రం తయారయింది. 2023లో హైదరాబాదు నిమ్స్ ఆస్పత్రిలో రోబో శస్త్రచికిత్సలు ఆరంభమయ్యాయి. కనుక ఇది పరదేశపు వింత కాదు; మన గుమ్మం ముందుకు వచ్చిన విషయం.

దీని గుణాలను ఒప్పుకొందాం. రెండవసారి శస్త్రచికిత్సలో పని చేయవలసిన చోటు ఇరుకు, లోతు. పాత కవాటాన్ని కుట్లతో సహా వలిచి తీయాలి. అటువంటి చోట స్పష్టమైన చూపు, తిరిగే మణికట్టు, వణకని పట్టు ఎంతో ఉపకరిస్తాయి. ఎముక కోయలేదు కనుక అది అతుక్కొనే బాధ లేదు; అనుభవమున్న కేంద్రాలలో ఎందరో రోగులు త్వరగా కోలుకొని ఇళ్ళకు వెళ్ళారు.

దోషాలను కూడ ఒప్పుకొందాం. ఇంతవరకు వాడుకలో ఉన్న యంత్రాలలో అధికభాగం వైద్యుని వ్రేళ్ళకు స్పర్శజ్ఞానం ఇవ్వవు. కుట్టు ఎంత బిగిసినదీ కంటితోనే ఊహించుకోవాలి. 2024లో అమెరికాలో అనుమతి పొందిన కొత్త యంత్రంలో ఈ లోపాన్ని కొంత సవరించే ప్రయత్నం జరిగింది. గుండెను యంత్రం మీద ఉంచే సమయం ఎక్కువవుతుంది. కాలి ధమనులు గట్టిపడినవారికి, మహాధమని కవాటం బాగా కారుతున్నవారికి, కుడి ఊపిరితిత్తి రొమ్ము గోడకు అతుక్కొన్నవారికి ఈ మార్గం తగదు. అన్నింటికంటె ముఖ్యంగా, ఏడాదికి రెండో మూడో చేసే చేతిలో ఈ యంత్రం వీణ రానివాని చేతిలో వీణ వంటిది.

ఇక్కడ సాక్ష్యం మాట వస్తుంది. రెండవసారి కవాట శస్త్రచికిత్సకు రోబో మేలా, పాత పద్ధతి మేలా అని రోగులను చీట్ల పద్ధతిపై విభజించి తేల్చిన పెద్ద పరీక్ష లేదు. ఉన్నవి అనుభవజ్ఞులైన కొన్ని కేంద్రాలు తమ రోగులను గూర్చి ప్రకటించిన నివేదికలు. దగ్గరి సాక్ష్యం ఒకటి బ్రిటన్ నుండి 2023లో వచ్చింది. ద్విపత్ర కవాటాన్ని బాగుచేయవలసిన 330 మందిని రెండుగా విభజించి, కొందరికి రొమ్ము ఎముక కోసి, కొందరికి పక్కనుండి చిన్న గాటుతో చేశారు. చిన్న గాటు కూడ సురక్షితమేనని, ఆస్పత్రిలో ఉండే దినాలు కొంత తగ్గుతాయని తేలింది. కాని 12 వారాల తరువాత రోగులు శారీరకంగా కోలుకొన్న తీరులో రెండు వర్గాలకు తేడా కనపడలేదు. ఆ పరీక్ష రోబోను గూర్చినదీ కాదు, రెండవ శస్త్రచికిత్సను గూర్చినదీ కాదు. ఐనను, చిన్న గాటు అనగానే అన్ని విధాల మేలు అని తొందరపడి నమ్మరాదని అది హెచ్చరిస్తున్నది.

తొందరపాటు నమ్మకానికి మన హైదరాబాదు చరిత్రలోనే ఒక పాఠమున్నది. 1880లలో ఇక్కడి వైద్య పాఠశాలకు అధిపతిగా ఉన్న ఎడ్వర్డ్ లారీ, క్లోరోఫామ్ మత్తుమందు సరిగా ఇస్తే గుండెకు ప్రమాదం లేదని, శ్వాసను గమనిస్తూ ఉంటే చాలునని గట్టిగా నమ్మాడు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ సహాయంతో 1888లో ఒక సంఘం, 1889లో మరొక సంఘం ఏర్పడి వందలాది జంతువులపై పరీక్షలు చేశాయి. రెండవదానికి లండన్ నుండి లాడర్ బ్రంటన్ వచ్చాడు. హైదరాబాదుకు చెందిన రూపాబాయి ఫర్దూన్‌జీ అనే వైద్య విద్యార్థిని ఆ కృషిలో పాల్గొనడం మనకు గర్వకారణం. రెండు సంఘాలూ లారీ నమ్మకాన్నే సమర్థించాయి. కాని 1911లో గుడ్‌మన్ లీవీ పరిశోధన వలన క్లోరోఫామ్ గుండె లయను చెడగొట్టి హఠాత్తుగా ప్రాణం తీయగలదని తేలింది. లారీ అసమర్థుడు కాదు, అబద్ధమాడినవాడూ కాదు. వేలమందికి మత్తు ఇచ్చిన స్వంత అనుభవమే ఆయన కళ్ళకు గంతలు కట్టింది. పరీక్ష చేయించిన ఔదార్యం మన నగరానికి కీర్తి. తన నమ్మకాన్నే ఫలితమని చూసిన తొందర మనకు గుణపాఠం. నేడు రోబోను గూర్చి “నా చేతిలో అందరూ బాగున్నారు” అని ఎవరైనా అన్నప్పుడు మనకు క్లోరోఫామ్ గుర్తుకు రావాలి.

మా కథకు వద్దాం. ఆ పెద్ద ఆస్పత్రిలో ఒక గుమాస్తా మాకు రంగుల కాగితం ఇచ్చాడు. అందులో యంత్రం బొమ్మ ఉన్నది, వైద్యుని చేయి లేదు. రోబో రుసుము పథకం పరిధిలోకి రాదని, ప్రత్యేకంగా చెల్లించాలని అన్నాడు. అబ్బా ఇంటి పత్రాలు బయటికి తీశారు. బావగారు ఆటో అమ్ముతానన్నారు. అప్పుడు మా ఆపా ఒక ప్రశ్న అడిగింది. ఆమె పదవ తరగతి వరకే చదివింది. ఐనా ఆ ప్రశ్న మా ఇంట్లో ఇంకెవరికీ తోచలేదు.

“డాక్టర్ సాబ్, నా వంటివారికి, అంటే రెండవసారి వచ్చినవారికి, మీరు దీనితో ఎన్ని చేశారు? వారిలో ఎందరు ఇంటికి నడిచి వెళ్ళారు?”

ఆ వైద్యుడు మర్యాదస్థుడే. కాని అంకె చెప్పలేదు. యంత్రం ఎంత గొప్పదో చెప్పాడు, అది ఏ దేశం నుండి వచ్చిందో చెప్పాడు. బయటికి వచ్చిన తరువాత ఆపా నాతో అన్నది: “తమ్ముడూ, దర్జీ దగ్గరికి పోతే కుట్టు మిషన్ ఏ కంపెనీదని అడుగుతామా, కుట్టిన రవికె చూపించమంటామా?” ఆమె బట్టలు కుట్టి సంసారం నడిపే మనిషి. ఆ మాటలో నాకు ఒక శాస్త్రగ్రంథం కనపడింది.

తరువాత మేము ఒక ప్రభుత్వ బోధనాసుపత్రికి వెళ్ళాము. అక్కడి పెద్ద సర్జన్ సి.టి. చిత్రాన్ని వెలుగుకు ఎత్తిపట్టి, కుడి జఠరిక ఎముకకు అతుక్కొని ఉన్న చోటును నాకు వ్రేలితో చూపించారు. “ముందునుండి పోవడం ప్రమాదం. పక్కనుండి పోతాము. రోబో ఉంటే పని సుఖంగా ఉండేది. మా విభాగంలో లేదు. పొడుగు పనిముట్లతో, చిన్న కెమేరాతో, చేతితోనే చేస్తాము. ఇటువంటివి ఇన్ని చేశాము, ఇందరు బాగున్నారు, ఇద్దరు పోయారు” అని లెక్క చెప్పారు. ఇద్దరు పోయారన్న మాటతో అమ్మీ ముఖం పాలిపోయింది. ఆపా మాత్రం “ఇక్కడే చేయించుకొంటాను” అన్నది. పోయినవారిని కూడ లెక్కలో చెప్పిన మనిషి తన విషయంలో అబద్ధమాడడని ఆమె నమ్మకం.

శస్త్రచికిత్స సుమారు 7 గంటలు జరిగింది. అప్పటికి పిల్లలు కలిగారు కనుక ఈసారి లోహపు కవాటం అమర్చారు. రెండు నెలలకు ఆమె తిరిగి మిషన్ ముందు కూర్చున్నది. ఇందువలన రోబో అనవసరమని నేను అనడం లేదు. మరొక రోగికి, మరొక నగరంలో, బాగా అభ్యాసమున్న బృందం చేతిలో రోబోయే శ్రేష్ఠమైన మార్గం కావచ్చును. ఇంకొకరికి తొడనుండి గొట్టం ద్వారా పాత కవాటంలోనే కొత్త కవాటాన్ని అమర్చే పద్ధతి తగవచ్చును. నేను చెప్పదలచినది ఇంతే: మా ఆపాను కాపాడినది పక్కదారి, అభ్యాసమున్న చేయి, నిజం చెప్పిన నోరు. రోబో ఆ పక్కదారిలో ఒక మంచి వాహనం. దారి మాత్రం అది కాదు.

నా మిత్రుడొకడు, భౌతికశాస్త్ర విద్యార్థి, నాతో వాదించాడు: “గిబ్బన్ యంత్రం కూడ మొదట ధనవంతుల వైభోగంగానే కనపడి ఉంటుంది. ఖరీదని కాదంటే విజ్ఞానం ముందుకు సాగదు. నేటి రోబో రేపటి స్టెతస్కోపు.” ఈ మాటలో సత్యమున్నది. స్వదేశీ యంత్రాలు వస్తే ధర తగ్గుతుంది. దూరాన ఉన్న నిపుణుడు జిల్లా ఆస్పత్రిలోని రోగికి సహాయం చేసే దినం కూడ రావచ్చును. అందుచేతనే ప్రభుత్వ బోధనాసుపత్రులలో ఈ యంత్రాలుండాలని, మన యువ వైద్యులు వాటిపై శిక్షణ పొందాలని నేను కోరుతాను. కాని రెండు షరతులు. రెండవసారి శస్త్రచికిత్సలన్నీ కొన్ని ఎంపిక చేసిన కేంద్రాలలోనే జరిగి, ఆ చేతులకు తగిన అభ్యాసం కలగాలి. ప్రతి కేంద్రం తన లెక్కలను, మరణాలతో సహా, సంవత్సరానికొకసారి ప్రకటించాలి. పరీక్షా ఫలితాలను నోటీసు బోర్డు మీద అంటించని కళాశాలను మనం నమ్ముతామా?

మిత్రుని వాదంలో తప్పిపోయిన విషయం మరొకటి ఉన్నది. ఉగాండా దేశంలో 818 మంది పిల్లలపై జరిగిన ఒక పరీక్ష ఫలితాలు 2021లో వెలువడ్డాయి. రుమాటిక్ హృద్రోగం లోలోపల మొదలై, బయటికి ఇంకా కనపడని పిల్లలు వారు. సగం మందికి 4 వారాలకొకసారి పెన్సిలిన్ సూదిమందు వేశారు, తక్కినవారికి వేయలేదు. రెండేళ్ళ తరువాత చూస్తే, సూదిమందు లేనివారిలో నూటికి 8 మందికి పైగా వ్యాధి ముదిరింది. సూదిమందు పొందినవారిలో నూటికి ఒక్కరికి కూడ ముదరలేదు. ఆ సూది మా ఆపాకు ఒక్క సంవత్సరం అంది ఆగిపోయింది. ఆగకుండ ఉంటే ఆమెకు మొదటి శస్త్రచికిత్సే తప్పిపోయేదేమో. అప్పుడు ఈ వ్యాసానికి అవసరమే ఉండేది కాదు.

శస్త్రచికిత్స జరిగిన తరువాత కూడ కష్టం తీరలేదు. లోహపు కవాటం ఉన్నవారు రక్తాన్ని పలుచబరచే మాత్ర ప్రతి దినం మింగాలి, ఐ.ఎన్.ఆర్. అనే పరీక్ష తరచు చేయించుకోవాలి. ద్విపత్ర స్థానంలో ఆ అంకె సాధారణంగా రెండున్నరకు, మూడున్నరకు నడుమ ఉండాలి. తగ్గితే కవాటం మీద గడ్డ కడుతుంది, పెరిగితే రక్తస్రావమవుతుంది. ఈ పరీక్ష కోసం మా ఆపా నెలకొకసారి రెండు బస్సులు మారి జిల్లా కేంద్రానికి వెళ్తున్నది. ఒక దినం కూలి, బస్సు చార్జీలు, పరీక్ష రుసుము. ఎందరో పేదలు ఇక్కడే విసిగి మానివేస్తారు. అటువంటివారు మళ్ళీ వస్తారు; రెండవసారికో, మూడవసారికో. ఒకవైపు కోట్ల రూపాయల యంత్రం కొని, మరొకవైపు ఈ చిన్న రక్తపరీక్షను పల్లెకు అందించకపోతే, కుళాయి తిప్పి వదిలి నేల తుడుచుకొంటున్నట్లే అవుతుంది.

అందుచేత కళాశాల పాలకవర్గం పెద్దలకు వినయపూర్వకంగా మూడు మనవులు చేస్తున్నాను. మొదటిది, ప్రతి సంవత్సరం ప్రథమ సంవత్సర విద్యార్థులందరికి గుండె పరీక్ష చేయించాలి. ఒక దినం ఒక హృద్రోగ నిపుణుడు ఎకో యంత్రంతో మన ప్రయోగశాలలో కూర్చుంటే చాలు. మన విద్యార్థులలో అధికులు మా ఇంటివంటి ఇళ్ళనుండి వచ్చినవారే. రెండవది, పెన్సిలిన్ సూదిమందు అవసరమైన విద్యార్థుల పేర్లు ఒక చిట్టాలో వ్రాసి, తేదీ తప్పకుండ వారిని పంపే బాధ్యత కళాశాల తీసుకోవాలి. పేర్లు రహస్యంగా ఉంచాలి; ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో. జబ్బు మాట బయటికి పొక్కితే పెళ్ళి ఆగిపోతుందనే భయంతోనే ఎన్నో ఇళ్ళలో చికిత్స ఆగిపోతున్నది. మూడవది, విద్యార్థి సంక్షేమ నిధినుండి చేతిలో ఇమిడే ఐ.ఎన్.ఆర్. పరీక్షా పరికరం ఒకటి కొని, వారానికొక దినం మన ఊరివారికి అందుబాటులో ఉంచాలి. మన వార్షికోత్సవపు షామియానాకు, దీపాలకు అయ్యే ఖర్చుతో పోల్చి చూస్తే ఇవేవీ అసాధ్యమైనవి కావని తెలుస్తుంది.

విద్యార్థి మిత్రులకు ఒక్క మాట. మీ ఇంట్లో పిల్లవాడికి గొంతునొప్పి వచ్చి, తరువాత కీళ్ళు వాస్తే “ఎదిగే వయసు” అని ఊరుకోకండి. మీ ఇంట్లో ఎవరికైనా శస్త్రచికిత్స జరగవలసి వస్తే, అది రోబోతో కాని, చేతితో కాని, మా ఆపా ప్రశ్నను జ్ఞాపకముంచుకోండి: “నా వంటివారికి ఎన్ని చేశారు? ఎందరు ఇంటికి నడిచి వెళ్ళారు?” ఆ ప్రశ్న అడగడానికి డిగ్రీ అవసరం లేదు, గుండెధైర్యం చాలు.

కొట్టుకొంటున్న గుండెలోకి వేలు పంపిన 1925 నుండి, యంత్రపు మణికట్టును పంపుతున్న నేటివరకు మానవుడు నడిచిన దారి మహత్తరమైనది. ఆ దారిని చూసి గర్విద్దాం. రాత్రివేళ ఇల్లంతా నిద్రపోయిన తరువాత మా ఆపా పక్కన కూర్చుంటే ఆమె రొమ్ములోని లోహపు తలుపు టిక్కు టిక్కుమని మూసుకొంటున్న చప్పుడు వినపడుతుంది. పిల్లలు దానిని అమ్మీ గడియారం అంటారు. ఆ గడియారం ఆగకుండ నడవాలంటే నెలకొక రక్తపరీక్ష కావాలి. మరొక పిల్ల రొమ్ములో అటువంటి గడియారం పెట్టవలసిన అవసరమే రాకుండ ఉండాలంటే 3 వారాలకొక సూదిమందు కావాలి. ఈ రెండు పనులను మన కళాశాల ఈ సంవత్సరమే ఆరంభిస్తుందని ఆశిస్తున్నాను.